ఇజాలు అర్థం కావాలంటే ముందు అమరావతి రాళ్లు చూడాలి

గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు గుంటూరు బ్రాడీపేటలో, విజయవాడ బెంజిసర్కిల్ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఒక పట్టికను వల్లె వేస్తుంటారు. గాంధార శైలి, బూడిద రంగు రాయి, గ్రీకు ప్రభావం. మధుర శైలి, ఎర్ర ఇసుకరాయి, స్వదేశీ పద్ధతి. అమరావతి శైలి, తెల్లటి సున్నపురాయి, కథలు చెప్పే శిల్పం. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రాసేవాళ్ల నోట్సులో ఇంకో పట్టిక ఉంటుంది. అందులో రినైజాన్స్, ఇంప్రెషనిజం, క్యూబిజం, ఒక్కోదాని పక్కన ఇద్దరు ముగ్గురు గొప్పవాళ్ల పేర్లు. ఈ పట్టికల్లో రాసింది తప్పేమీ కాదు. పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ ఒక ఊళ్లో ఒక కాలంలో ఉన్నట్టుండి అందరి చేయీ ఒకే తీరుగా ఎందుకు తిరుగుతుంది, తర్వాత ఆ తీరు ఎందుకు మారిపోతుంది అన్నది మాత్రం ఆ గళ్లలో ఎక్కడా దొరకదు.

నన్నడిగితే ఏ కళా ఉద్యమాన్నైనా విప్పి చూడటానికి మూడు ప్రశ్నలు చాలు. డబ్బు ఎవరిది? చేతిలో ఉన్న సరుకు ఏమిటి? తగువు దేని మీద? కళాకారుల పేర్లు వీటి తర్వాతే. ఈ మూడూ అడిగి చూసుకోవడానికి మనం పారిస్ దాకా పోనక్కర్లేదు. గుంటూరులో బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా అమరావతిలో దిగుతాం.

అయినా ఇజాల, అంటే ఇలాంటి కళా ఉద్యమాల, మాట రాగానే అందరి బుద్ధీ ముందు పారిస్‌కే పోతుంది కాబట్టి ఆ సంగతి చూసేసి వద్దాం. 1874 ఏప్రిల్ 15న మోనే, రెన్వార్, దెగా, పిసారో, సెజాన్, బెర్త్ మొరిసో మరికొందరితో కలిసి ఫొటోగ్రాఫర్ నాదార్ స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. ఇంప్రెషనిజం ఆ రోజుతో మొదలైందని చెప్పడం అలవాటు. కానీ దాని వెనక ఎన్నో ఏళ్ల సన్నాహం ఉంది. ఫ్రాన్సులో చిత్రకారుడికి పేరు రావాలన్నా బొమ్మ అమ్ముడుపోవాలన్నా ప్రభుత్వం నడిపే సలోన్ ప్రదర్శనలో చోటు దొరకాలి. అక్కడి జ్యూరీకి పురాణ ఘట్టాలూ చరిత్ర ఘట్టాలూ నున్నగా పూర్తిచేసిన బొమ్మలూ కావాలి. 1863లో జ్యూరీ తోసిపుచ్చిన బొమ్మలు ఎన్నంటే, గొడవ చల్లార్చడానికి మూడో నెపోలియన్ చక్రవర్తి వాటికి విడిగా ఒక ప్రదర్శన పెట్టించాల్సి వచ్చింది. తగువు అక్కడుంది. డబ్బు సంగతికొస్తే, పోల్ ద్యురాన్-రుయెల్ అనే వ్యాపారి సలోన్ ముద్ర లేని ఈ బొమ్మల్ని ధైర్యంగా కొన్నాడు, 1886లో న్యూయార్క్ దాకా తీసుకెళ్లాడు. ఇక సరుకు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడత పెట్టగలిగే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూనె రంగుల్ని పంది మూత్రాశయాల సంచుల్లో కట్టిపెట్టుకునేవాళ్లు. ట్యూబు వచ్చాక రంగులు జేబులో వేసుకుని రైలెక్కి నది ఒడ్డున కూర్చుని గీయొచ్చు. దానికి రెండేళ్ల ముందే, 1839లో, ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది. మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు దించే పని కెమెరా అందుకున్నాక, ఆ క్షణంలో వెలుగు ఎలా పడుతోందో పట్టుకోవడం మీదికి చిత్రకారుడి దృష్టి మళ్లింది. మోనే గొప్పవాడు కాదని నేను అనడం లేదు. ఆయన చేతిలో ట్యూబు, కళ్ల ముందు కెమెరా, అడ్డంగా జ్యూరీ లేకపోతే ఆ గొప్పతనం ఇంకో రూపం తీసుకునేది.

ఇక మన రాళ్ల దగ్గరికి వద్దాం.

క్రీస్తుపూర్వం 3-2 శతాబ్దాల్లో ఇప్పటి అమరావతి దగ్గర, ధాన్యకటకం అనే పాత నగరం పక్కన ఒక స్తూపం లేచింది. తర్వాత నాలుగైదు వందల ఏళ్లు దాన్ని పెంచుతూ, మారుస్తూ, అలంకరిస్తూ పోయారు. పూర్తి రూపంలో ఉన్నప్పుడు దాని అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు, చుట్టూ మనిషిని మించిన ఎత్తులో రాతి ప్రాకారం. ఆ ప్రాకారం స్తంభాల మీదా అడ్డదూలాల మీదా పద్మ పతకాలు, బుద్ధుడి పూర్వజన్మలు చెప్పే జాతక కథలు, ఆయన జీవిత ఘట్టాలు. అంత పని ఎవరి డబ్బుతో జరిగింది?

శాతవాహన రాజులు కట్టించారని పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్కలో రాసేస్తారు. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు అక్కడి శాసనంలో ఉన్న మాట నిజమే. కానీ రాళ్ల మీద చెక్కిన చిన్న చిన్న ప్రాకృత శాసనాలు చదివితే కనిపించేవాళ్లు వేరు. ఇది గృహపతి దానం, ఇది భిక్షుణి దానం, ఇది సుగంధ ద్రవ్యాలు అమ్మే వర్తకుడి దానం, ఇది ఫలానా ఆయన కోడలి దానం అని వరసగా ఉంటాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది విధికుడి శాసనం. అతను చర్మకారుడు, తోలు పని చేసేవాడు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, బంధుమిత్రులు అందరితో కలిసి పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కుండ, చెక్కిన ఒక ఫలకాన్ని స్తూపానికి ఇచ్చాడు. తోలు పని చేసే మనిషి, ఉపాధ్యాయుడి కొడుకు, మహాచైత్యానికి, అంటే ఈ పెద్ద స్తూపానికి, దాత. ఈ మూడు మాటలూ ఒక్క వాక్యంలో ఉన్న రాయి మన జిల్లాలో దొరికింది. రెండువేల ఏళ్ల కిందటి కృష్ణా తీరపు సమాజం గురించి నాకు ఈ ఒక్క రాయి చెప్పినంత ఏ పాఠమూ చెప్పలేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో దాన్నిబట్టి బొమ్మ మారుతుంది. రోములో సిస్టీన్ చాపెల్ పైకప్పుకు ఒక్కడే యజమాని, రెండో జూలియస్ పోపు. మైకలాంజెలో 1508 నుంచి 1512 దాకా అక్కడ పనిచేశాడు. డబ్బిచ్చేది ఒక్కడు, గీసేది ఒక్కడు కావడంతో పైకప్పంతా ఒకే పెద్ద ఆలోచనగా సాగింది. అమరావతిలో వందలమంది తలా ఒక స్తంభమో, అడ్డదూలమో, ఫలకమో ఇచ్చారు. అందుకే ఒక్కో రాయీ తనంతట తానుగా నిలబడే బొమ్మ అయింది, ఒక్కో పతకంలో ఒక్కో కథ పూర్తయింది. అన్నిటినీ కలిపి ఒక క్రమంలో నిలబెట్టే బాధ్యత నవకమ్మికులనే భిక్షువులది. కట్టడం పనుల్ని అజమాయిషీ చేసేది వాళ్లే.

సరుకు సంగతి. ఇంగ్లిషువాళ్లు వీటిని మార్బుల్స్ అన్నారు, మనవాళ్లలోనూ పాలరాయి అనేవాళ్లున్నారు. నిజానికి ఇది పల్నాటి సున్నపురాయి. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. సన్నని రేణువు ఉన్న రాయి కావడంతో ఉలి చెప్పినట్టు వింటుంది, వేలిగోరంత ముఖంలో కూడా కళ్లూ పెదవులూ తీయొచ్చు. మధుర శిల్పులకు దొరికిన మచ్చల ఎర్ర ఇసుకరాయిలో నిండైన, బరువైన శరీరాలు బాగా కుదిరాయి. అమరావతి శిల్పి మాత్రం ఒక్క రాతిలోనే ఊరంతా పట్టించగలిగాడు. పట్టికలో రాయి పేరు రాసే గడి ఉంటుంది కదా, దాని అసలు అర్థం ఇది.

అయితే ఒకే రాయితో పనిచేసినా తొలినాటి శిల్పం, చివరినాటి శిల్పం ఒకటి కాదు. విజయవాడ నుంచి హైదరాబాద్ దారిలో ఉన్న జగ్గయ్యపేట స్తూపంలో దొరికిన మాంధాత ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. అది తొలి దశ పని. చక్రవర్తి నిటారుగా నిలబడి చెయ్యి పైకెత్తితే మబ్బులోంచి చదరపు నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ రాణి, పరివారం, ఏనుగు, గుర్రం. అంతా పలకకు అంటిపెట్టుకుని, లోతు తక్కువగా, ఎవరికి వాళ్లు విడిగా నిలబడినట్టు ఉంటారు. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత అమరావతిలో చెక్కిన పతకాల్లో మనుషులు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు, వంగుతారు, మెలికలు తిరుగుతారు, వీపు చూపిస్తారు. నలుగురు ఆడవాళ్లు బుద్ధపాదాల ముందు వంగి మొక్కుతున్న పతకం ఒకటుంది. నాలుగు వీపుల వంపు చూస్తే చాలు, భక్తి అంటే ఏమిటో ముఖాలు కనిపించకపోయినా తెలుస్తుంది. కళా చరిత్రకారుడు శివరామమూర్తి గారు 1942లో మద్రాసు మ్యూజియం శిల్పాలను అధ్యయనం చేసి ఈ మార్పునంతా నాలుగు దశలుగా విభజించారు. తర్వాతివాళ్లు తేదీలు ముందుకూ వెనక్కూ జరిపారు గానీ ఆ మెట్లు మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఇప్పుడు తగువు. బుద్ధుణ్ణి ఎలా చూపించాలి? తొలి శిల్పాల్లో ఆయన మనిషి రూపంలో కనిపించడు. బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం ఉంటుంది, చుట్టూ అందరూ మొక్కుతుంటారు. ఇల్లు విడిచి వెళ్లే ఘట్టంలో గుర్రం మీద ఎవరూ ఉండరు, గొడుగు మాత్రం ఆ ఖాళీ చోటికి నీడ పడుతూ ఉంటుంది. ధర్మచక్రం, పాదముద్రలు, స్తూపం, ఇవన్నీ ఆయన స్థానంలో. తర్వాతి కాలపు శిల్పాల్లో అదే అమరావతిలో బుద్ధుడు మనిషిగా నిలబడతాడు, కూర్చుంటాడు, చెయ్యెత్తి అభయమిస్తాడు. ఒక్కోసారి ఒకే దశలో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

దీని మీద నూరేళ్లకు పైగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఫ్రెంచి పండితుడు ఫూషే, మొదట బుద్ధుణ్ణి మనిషిగా చెక్కకూడదన్న కట్టుబాటు ఉండేదని, గ్రీకు పద్ధతి తెలిసిన గాంధార శిల్పులే దాన్ని దాటారని అన్నాడు. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి ఒప్పుకోలేదు. యక్షుల విగ్రహాలు చెక్కే సంప్రదాయం మనకు ముందే ఉంది, మధురలో బుద్ధ విగ్రహం అందులోంచి పుట్టింది అని 1920లలో గట్టిగా వాదించాడు. 1990లో అమెరికన్ కళా చరిత్రకారిణి సుసాన్ హంటింగ్‌టన్ ఇంకో మెలిక పెట్టింది. ఖాళీ సింహాసనం ముందు మొక్కుతున్న బొమ్మ బుద్ధుడి జీవిత ఘట్టం కాకపోవచ్చు, ఆయన పోయాక ఆ పవిత్ర స్థలానికి వచ్చిన యాత్రికుల బొమ్మ కావచ్చు, అలాంటప్పుడు అక్కడ బుద్ధుడు లేకపోవడంలో వింతేముంది అని అడిగింది. ఆ మరుసటి ఏడే ఇంకో కళా చరిత్రకారిణి విద్యా దహేజియా బదులిచ్చింది. ఒకే గుర్తుకు ఒకే అర్థం ఉండాలని లేదు, చెట్టు ఒకచోట బుద్ధుడు, ఇంకోచోట పుణ్యస్థలం, ఇంకోచోట ఆయన పొందిన జ్ఞానం కావచ్చు అని. నాకు దహేజియా మాటే సబబనిపిస్తుంది. మనూళ్లల్లో వేపచెట్టుకు పసుపు రాసి చీర కట్టినప్పుడు అది చెట్టా, అమ్మవారా, గుడా అని ఎవరూ విడదీసి అడగరు.

ఈ తగువంతా ఒక్క రాతి మీద చూడొచ్చు. అది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. స్తూపం అడుగు భాగానికి తొడిగిన ఫలకం. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో దాని మీద బోధివృక్షం, ఖాళీ సింహాసనం, మొక్కుతున్న మనుషులు చెక్కారు. తర్వాత స్తూపాన్ని కొత్తగా అలంకరించినప్పుడు ఆ రాతిని పారేయలేదు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో దాన్ని తిరగేసి, వెనక వైపు మీద స్తూపం బొమ్మనే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఆయక స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు, ఖాళీ అన్నదే లేకుండా కిక్కిరిసిన పని. ఒక వైపు విశాలంగా, నెమ్మదిగా ఉన్న పాత చేయి. రెండో వైపు ఊపిరాడనంత సందడిగా ఉన్న కొత్త చేయి. మధ్యలో రాతి మందం, దాదాపు మూడు వందల ఏళ్లు. పాతదాన్ని గోడ వైపుకు తిప్పి కొత్తదాన్ని జనం వైపుకు పెట్టారంటే ఆ కాలం వాళ్లకు తమ పద్ధతి మారిందన్న ఎరుక స్పష్టంగా ఉన్నట్టే. ఉద్యమం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రకటన పత్రం ఒక్కటే లేదు.

ఆ కొత్త చేయి ఎంత దూరం పోయిందో చూడాలంటే నలగిరి ఏనుగు పతకం దగ్గర నిలబడాలి. అది ఎగ్మోర్‌లో ఉంది. రాజగృహ నగరంలో బుద్ధుడంటే గిట్టని బంధువు దేవదత్తుడు ఆయన్ని చంపించడానికి మదపుటేనుగును వీధిలోకి వదిలించాడన్నది కథ. గుండ్రటి రాయిలో ఎడమ వైపు ఏనుగు ద్వారంలోంచి దూసుకొస్తూ జనాన్ని తొక్కుతోంది. మనుషులు చెల్లాచెదురవుతున్నారు. ఒకామె భయంతో పక్కవాళ్లను పట్టుకుని వేలాడుతోంది. మేడల మీద కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు చూస్తున్నారు. కుడివైపుకు వస్తే అదే ఏనుగు మోకాళ్ల మీద కూలబడి బుద్ధుడి పాదాల దగ్గర తల వాల్చింది. ఆయన పక్కన భిక్షువులు, ఏ తొందరా లేకుండా. ఒకే వీధి, ఒకే ఏనుగు, రెండు క్షణాలు. మధ్యలో గీత లేదు. మన కన్ను ఎడమ నుంచి కుడికి కదిలినంతసేపట్లో ఏనుగు కోపం దిగిపోతుంది. ఎడమ వైపు శరీరాలన్నీ ఏటవాలుగా ఒరిగి ఉంటాయి, కుడి వైపు నిలువుగా ఉంటాయి. శిల్పి మాటల్లేకుండా శాంతిని ఇలా చెక్కాడు.

ఇటలీలో మసాచో 1420లలో ఫ్లోరెన్సులోని ఒక చాపెల్ గోడ మీద సుంకం డబ్బు కథ గీశాడు. అందులో పీటర్ ఒకే దృశ్యంలో మూడుసార్లు కనిపిస్తాడు. రినైజాన్స్ గురించి చెప్పే ప్రతిచోటా ఆ బొమ్మను మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే కూడా. అదే ఒడుపు మన పల్నాటి రాతిలో అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారనే లెక్క ఇక్కడ లేదు. కదలని రాతిలో కదిలే కథను ఎలా పెట్టాలన్న చిక్కు ఇద్దరికీ ఒకటే, అంతే.

మరి మసాచో పేరు మనకు తెలిసి నలగిరి శిల్పి పేరు తెలియకపోవడమెందుకు? మసాచో పేరు నిలవడంలో జార్జియో వసారీకి పెద్ద భాగం ఉంది. 1550లో ఆయన ఇటలీ కళాకారుల జీవితాలను పుస్తకంగా అచ్చువేశాడు. కళ చరిత్ర అంటే గొప్ప వ్యక్తుల జీవిత చరిత్రల వరస అన్న అలవాటు చాలావరకు అక్కడే స్థిరపడింది. ఆ తర్వాత కూడా పేరనేది దానంతటది నిలవలేదు, నిలబెట్టేవాళ్లు కావాల్సి వచ్చింది. వెర్మీర్‌ను లోకం దాదాపు మరిచిపోయాక 1866లో థోరే అనే ఫ్రెంచి విమర్శకుడు వ్యాసాలు రాసి తిరిగి తెచ్చాడు. కరవాజోకు ఈనాటి స్థానం రావడంలో 1951లో మిలాన్‌లో లోంగీ అనే ఇటలీ విమర్శకుడు పెట్టిన ప్రదర్శనది పెద్ద పాత్ర. వాన్ గో పోయినప్పుడు ఆయన బొమ్మల్ని అడిగేవాళ్లు ఎంతమందో లేరు. తమ్ముడి భార్య యోహన్నా ఆ బొమ్మల్ని కాపాడి, ఒక్కో ప్రదర్శనకూ పంపి, 1914లో ఉత్తరాలు అచ్చువేయించింది. ఆవిడ లేకపోతే ఈ రోజు విజయవాడ మొబైల్ షాపులో ఫోన్ కవర్ మీద వాన్ గో గీసిన ఆ చుక్కల రాత్రి బొమ్మ ఉండేది కాదు.

అమరావతిలో పేరు చెక్కించుకునే హక్కు దాతది, ఎందుకంటే పుణ్యం దాతకు చేరాలి. శిల్పి కూలి తీసుకున్నాడు, లెక్క తీరిపోయింది. అయితే ఒకచోట శిల్పి కూడా కనిపిస్తాడు. జగ్గయ్యపేటలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టింది సిద్ధార్థుడనే ఆవేశని, అంటే శిల్పకారుల పెద్ద. తండ్రి నాగచంద్రుడూ ఆవేశనే. పేరు చెప్పుకున్నాడు గానీ చెక్కినవాడిగా కాదు, దానం చేసినవాడిగా. శిల్పికి సొంతంగా స్తంభాలు దానమిచ్చేంత స్తోమత ఉండేదని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది.

పేరు పక్కన పెట్టడమనేది పాతకాలపు సంగతి అనుకోనక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో పికాసో, బ్రాక్ కలిసి క్యూబిజం నడిపిన తొలి ఏళ్లలో సంతకాన్ని బొమ్మ ముందు వైపు కాకుండా కాన్వాస్ వెనక పెట్టేవాళ్లు. 1911 నాటి బొమ్మలు పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో చెప్పడం అలవాటైన కళ్లకు కూడా కష్టం. ఒకే చిక్కుముడిని ఇద్దరూ కలిసి విప్పుతున్నప్పుడు ఎవరి చేయి ఏదన్న పట్టింపు తగ్గుతుంది. ఉద్యమం బలంగా ఉన్న రోజుల్లో ఇలాగే ఉంటుందని నేననుకుంటాను. పేర్లు విడివిడిగా పెరిగేది తర్వాత.

అమరావతి శైలి అనే మాట మన చేతికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అది చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది. 18వ శతాబ్దం చివరికి ఆ స్తూపం ఒక మట్టి దిబ్బ, ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చి కొత్త ఊరు కట్టించేటప్పుడు రాళ్ల కోసం దాన్ని తవ్వించారు. ఆ వార్త విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. 1816లో సర్వేయర్లనూ చిత్రకారులనూ వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఆయన మనుషులు గీసిన 80కి పైగా బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే కొన్ని రాళ్లు ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. సున్నపురాయి కాబట్టి కాల్చి సున్నం చేసుకున్నవీ ఉన్నాయి. కొన్ని కలకత్తా వెళ్లాయి, కొన్నిటిని మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు తెప్పించిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో 121 రాళ్లు ఓడెక్కి లండన్ చేరాయి. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వాటిని అక్కడ ఒక బండ్లశాలలో చూసి బయటపెట్టాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాయి.

వీటన్నిటికంటే నష్టం చేసింది అదే 1880లో ఇక్కడ జరిగిన పని. 1877లో రాబర్ట్ స్యూయెల్ అనే ఇంగ్లిషు అధికారి కొంత భాగాన్ని జాగ్రత్తగానే తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో మిగిలిందంతా ఒక్కసారిగా తవ్వేశారు. ఏ రాయి ఎక్కడ, ఏ దిక్కున, ఏ లోతులో దొరికిందో సరైన రికార్డు లేదు. మరుసటి ఏడు వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్‌కు అక్కడ చదవడానికి ఏమీ మిగల్లేదు. దశల తేదీల మీద పండితులు ఇన్నాళ్లు తగువు పడటానికి పెద్ద కారణం ఇదే. రాయి దొరికింది, దాని చోటు పోయింది. చోటు పోయాక శైలి ఒక్కటే ఆధారంగా మిగిలింది. ముక్కులు, ముడతలు, మడతలు చూసి వరస కట్టాల్సి వచ్చింది. మన పట్టికలో అమరావతి శైలి అన్న గడి అలా తయారైంది.

మూడు ప్రశ్నలూ దగ్గరి కాలానికి కూడా సరిపోతాయా అంటే, మన పక్కనే ఉన్న రాజమండ్రి, మచిలీపట్నం చూడండి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి దేవుళ్ల పటాలు ఇంటింటికీ చేర్చాడు. నూనె రంగుల పద్ధతి యూరప్‌దనీ మన బొమ్మ మన దారిలో ఉండాలనీ బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ బృందం తగువు మొదలుపెట్టింది. 1905 స్వదేశీ ఉద్యమం దానికి ఊపిరి పోసింది. సరుకూ మారింది. నూనె రంగులు వదిలి కాగితం మీద నీటి రంగుల్ని పలచగా కడుగుతూ వేసే పద్ధతిని జపాన్ చిత్రకారుల దగ్గర చూసి తెచ్చుకున్నారు. ఆ దారి మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్ కుమార్ ఛటర్జీ ద్వారా చేరింది. అక్కడే అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులయ్యారు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారిది కొంచెం వేరే బాట. బొంబాయి జేజే స్కూల్లో చదివి వచ్చి, గోదావరి మనుషుల ఒంటి తీరు, అజంతా గీత కలిపి తనదైన ఆంధ్ర శైలి కోసం వెతికారు. 1925లో మశూచి వచ్చి 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన గీసిన సిద్ధార్థ రాగోదయం చూసినప్పుడల్లా, ఈయన ఇంకో ముప్పై ఏళ్లు ఉండి ఉంటే అనిపించకుండా ఉండదు.

అమరావతి చేయి అమరావతిలో ఆగిపోలేదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురికి, అంటే నాగార్జునకొండకు వెళ్లింది. అక్కడ దాతల్లో రాజకుటుంబపు ఆడవాళ్లు ముందుంటారు. ఇక్ష్వాకుల పాలన ముగిశాక అంత పెద్ద పని మళ్లీ జరగలేదు. 1926లో ఆ చోటు బయటపడింది. 1950లలో సాగర్ డ్యామ్ పని మొదలయ్యాక మునిగిపోయే కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొండ మీదికీ, దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి నిలబెట్టారు. ఈసారి ఏ రాయి ఎక్కడిదో రాసుకున్నారు.

శైలి సముద్రం కూడా దాటింది. కుడి భుజం వదిలి ఒంటిని చుట్టిన వస్త్రం, కింది అంచు దగ్గర లావుపాటి మడతగా తిరగడం అమరావతి బుద్ధుడి గుర్తు. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు తెల్లరాతి బుద్ధుడున్నాడు. ఆ అంచు అక్కడ దగ్గరగా నిలబడి చూడొచ్చు. శ్రీలంక విగ్రహాల్లో అదే అంచు, వియత్నాంలో దోంగ్ దువోంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడికీ అదే పోలిక. నేరుగా ఇక్కడి నుంచి వెళ్లిందా, శ్రీలంక మీదుగా వెళ్లిందా అన్నది ఇంకా తేలలేదు. రాకపోకలు మాత్రం ఒకవైపే సాగలేదు. 1344లో శ్రీలంకలోని గడలదెణియ గుడి బండ మీద చెక్కిన శాసనంలో ధర్మకీర్తి అనే స్థవిరుడి, అంటే పెద్ద భిక్షువు, ప్రస్తావన ఉంది. ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహ గృహాన్ని ఆయన బాగు చేయించాడని అందులో రాసి ఉంది. అప్పటికి విధికుడు పూర్ణఘటం ఫలకం ఇచ్చి వెయ్యేళ్లు దాటింది. ఈసారి దాత సముద్రం అవతలి నుంచి వచ్చాడు.